నాలుగు గ్లాసుల కార్డు

3 జూన్ 2094, గురువారం. పరీక్ష 41వ రోజు.

పట్టిన మిల్లు నీళ్ళు: 1 బిందె. ఉప్పునీళ్ళలో ఉతికిన బట్టలు: 14. ఇసుకతో తోమిన గిన్నెలు: 22. అత్తగారి మోకాళ్ళకు నూనె: రెండు పూటలా. మేడ మీద ఎండబెట్టిన వడియాలు: ఒక చాప. నిలవ మాత్ర: 1, ఉదయం ఆరున్నరకు. నేను తాగిన నీళ్ళు: 4 గ్లాసులు. సాయంత్రానికి బిందె: ఖాళీ.

ఈ పుస్తకం నాది. పరీక్షవాళ్ళు ఇచ్చిన పసుపు కార్డు వేరు. కార్డులో గడి ఉన్నవాటికే రాయాలి. ఇందులో ఏదైనా రాసుకోవచ్చు. పెళ్ళయిన నాటి నుంచి, ఇరవై ఆరేళ్ళుగా రాస్తున్నాను.

మా మెట్ట కాలనీ బావులు ఉప్పుబారి పన్నెండేళ్ళయింది. తాగడానికీ వంటకూ మిల్లు ఉప్పు తీసి ఇచ్చే నీళ్ళే దిక్కు. మనిషికి రోజుకు పదహారు గ్లాసులు. మేము ముగ్గురం, అంటే నలభై ఎనిమిది. సరిగ్గా ఒక బిందె. ఆ నీళ్ళు తియ్యడం కూడా మిల్లుకు బరువై, ఇప్పుడు నిలవ మాత్ర తెచ్చారు. అది వేసుకుంటే తాగిన నీరు ఒంట్లో నిలుస్తుందట, సగం నీళ్ళతో మనిషి హాయిగా ఉంటాడట. ముందు జబ్బు లేనివాళ్ళ మీద చూడాలి కనుక మా వీధిలో ఏ మందూ వాడని పదిమందిని తీసుకున్నారు. ఎనిమిది గ్లాసులతో మొదలుపెట్టి, వారానికొకటి చొప్పున తగ్గించి నాలుగుకి దించారు. రెండు వారాలుగా నాలుగే. తొంభై రోజులు పూర్తయితే ఒక్కో ఇంటికి ముప్పై బిందెలు అదనంగా ఇస్తారు.

నాకు ఆ ముప్పై ఎందుకు కావాలంటే, మార్చిలో మా డ్రమ్ము పగిలింది. ఎదురింటి ఎర్నమ్మ వదిన రోజుకింత చొప్పున ఆరు బిందెలు సర్దింది. పరీక్ష అయ్యాక తీర్చుకుందువులే అంది. ఆవిడా పరీక్షలో ఉంది.

బాకీ: 6 బిందెలు.

7 జూన్, సోమవారం. 45వ రోజు.

ఉతికినవి: 9. వంట: రెండు పూటలకూ ఉదయమే, ఎందుకంటే సోమవారం రక్తం ఇచ్చే రోజు.

పరీక్ష కేంద్రం పాత సినిమా హాల్లో పెట్టారు. టికెట్లు ఇచ్చే కిటికీలోంచి వారానికి సరిపడా మాత్రలు ఇస్తారు. బరువు చూసి, రక్తపోటు చూసి, తరువాత తెరముందు బల్ల దగ్గర రక్తం తీస్తారు. సూది వేసేది ఝాన్సీ సిస్టర్.

ఎర్నమ్మ వదిన చెయ్యి చాపుతూ, "జాగర్తగా తియ్యమ్మా. పోయినవారం ఒలికించేసేవు" అంది.

"ఒలకలేదండీ. కొంచెం దూదికి అంటుకుంది."

"అంటుకుంటే మాత్రం? అది నాది కాదేటి?"

అందరం నవ్వాం. వరసలో చివరన ఉన్న సన్నేసిరావు బాబాయి నవ్వలేదు. ఆయనకు అరవై ఒకటి. హార్బరులో క్రేను నడిపి రిటైరయ్యాడు, వీధి చివరి గదిలో ఒంటరిగా ఉంటాడు. పెదవులు పగిలి ఉన్నాయి. రెండుసార్లు వంగి పిక్కలు పట్టుకున్నాడు.

ఆయన రక్తంలో ఉప్పు ఎక్కువుందని సిస్టర్ చెప్పింది. "తొమ్మిది మందికి బాగుంది. అదే మాత్ర, అవే నాలుగు గ్లాసులు. మీకొక్కరికే ఎందుకిలా?"

"నాకేటి తెల్సమ్మా. నాలుగంటే నాలుగే తాగేను. అయిదోదానికి సెయ్యి కూడా సాపలేదు."

నా చేతిరాత బాగుంటుందని మొదటి రోజే నన్ను వీధి సాక్షిగా పెట్టారు. అంటే ఎవరి కార్డు మీదైనా అనుమానం వస్తే ఇంటికి వెళ్ళి చూసి సంతకం పెట్టాలి. ఈయన కార్డు చూసి రమ్మని సిస్టర్ నాకు చెప్పింది.

8 జూన్, మంగళవారం. 46వ రోజు.

కడిగిన గదులు: 2. దంచిన కారం: అరకిలో. సన్నేసిరావు బాబాయి ఇంటికి వెళ్ళడం: ఒక గంట.

గది చిన్నది, శుభ్రంగా ఉంది. ఒక మంచం, ఒక స్టీలు గ్లాసు. గ్లాసు లోపల మేకుతో గీత గీసుకున్నాడు, అంతవరకే నింపుతాడట. భోజనం కాలనీ క్యాంటీను పొట్లం. బియ్యప్పిండి బిళ్ళలు, పప్పు పొడి. పొయ్యి లేదు.

మాత్రలు లెక్కపెట్టాను. సరిపోయాయి. కార్డు చూశాను. నాలుగు, నాలుగు, నాలుగు. అయినా తొమ్మిది లెక్కలు కలిసి ఒకటి కలవకపోతే, తప్పు ఆ ఒక్కదానిలోనే వెతుకుతాం. మాత్ర పారేసి పట్టీ ఖాళీ చేస్తున్నాడేమో, లేదా ఇంకేదైనా తింటున్నాడేమో అనుకున్నాను.

"అమ్మా, నువ్వు కూడా అబద్దమంటావేటి?" అన్నాడు.

"నేను అనడం లేదు బాబాయ్. లెక్క అంటోంది."

కార్డు కింద 'నమ్మదగినట్టు లేదు' అని రాసి సంతకం పెట్టాను.

14 జూన్, సోమవారం. 52వ రోజు.

ఉతికినవి: 11. రక్తం: ఒక గొట్టం. నా ఫలితం: బాగుంది.

హాలు గోడ మీద రెండు కాగితాలు అంటించారు. మొదటిది పదిమంది జాబితా. సన్నేసిరావు గారి పేరు మీద ఎర్రగీత, పక్కన 'నియమం తప్పినందున తొలగింపు'. రెండోది నీటి బోర్డు ప్రకటన. అరవయ్యో రోజు లెక్కలు పైకి వెళ్తాయి. అవి ఇలాగే ఉంటే ఆగస్టు ఒకటి నుంచి కాలనీ అంతటికీ మాత్ర ఇస్తారు. మనిషికి నీళ్ళు ఎనిమిది గ్లాసులే, తాగడానికి నాలుగు, వంటకు నాలుగు.

మా ఆయన మిల్లులో జల్లెడలు కడిగే పని చేస్తారు. ఆయన కూడా విన్నారట. "రెండో యంత్రం ఆపీడానికి తేదీ కూడా రాసేసేరు" అన్నారు అన్నం దగ్గర. "మళ్ళీ ఎక్కించాలంటే ఆర్నెల్లు."

అత్తగారు అడిగింది: "ఎనిమిదంటే నా మజ్జిగ ఉంటదా, పోద్దా?"

"ఉంటుంది అత్తయ్యా. మాత్ర వేసుకుంటే దాహం వెయ్యదు."

"దాహానికి తాగుతానేటి మజ్జిగ?"

15 జూన్, మంగళవారం. 53వ రోజు.

తోమినవి: 19. కుట్టిన చిరుగులు: 3. సన్నేసిరావు బాబాయికి చద్ది పట్టుకెళ్ళడం.

నీరసంగా పడుకున్నాడని క్యాంటీను మనిషి చెప్పింది. పరీక్షలోంచి తీసేశారు కనుక ఆయన ఏం తిన్నా అడ్డులేదు. పొద్దున్న మా ఇంట్లో ఉన్నదే పట్టుకెళ్ళాను. చద్దన్నం, ఉల్లిపాయ, నంజుకోవడానికి ఆవకాయ ముక్క. మా ఇంట్లో తరవాణి కుండ ఎప్పుడూ ఉంటుంది. అన్నం వార్చిన గంజి రోజూ అందులో పోస్తాం, తెల్లారేసరికి పులుస్తుంది, రాత్రి మిగిలిన అన్నం అందులో నానుతుంది. ఈ వీధిలో పొయ్యి ఉన్న ప్రతి ఇంట్లోనూ పొద్దున్న తినేది అదే.

గిన్నె మూత తీసి ఆయన అలాగే చూశాడు.

"ఇదేటమ్మా, అన్నం ఈత కొడతంది?"

"తరవాణి బాబాయ్. తినండి, ఒంటికి చలవ."

తిన్నాడు అనడం సరికాదు. అన్నం నాలుగు ముద్దలే. మిగిలినదంతా గిన్నె ఎత్తి తాగాడు. మూతి తుడుచుకుని అడిగాడు.

"ఇది రోజూ తింటారా?"

"రోజూను."

"అయితే కార్డులో ఏ గడిలో రాత్తావు?"

"భోజనం గడిలో. 'చద్ది' అని రాస్తాను."

"నీల్ల గడిలో రాయవా?"

"ఇది నీళ్ళు కాదు కదా బాబాయ్."

ఆయన ఖాళీ గిన్నె వంచి చూపించాడు. అడుగున ఒక్క మెతుకు ఉంది.

ఇంటికి వచ్చి, గిన్నె తోమకుండానే పుస్తకం తీశాను.

16 జూన్, బుధవారం. 54వ రోజు.

ఈ రోజు ఇంటిపని: వంట తప్ప ఏమీ కాలేదు. అన్నీ గ్లాసుతో కొలిచాను.

నేను తాగిన నీళ్ళు 4. చద్దన్నంలో తరవాణి 3. మధ్యాహ్నం చారు 1, మజ్జిగ 1. సాయంత్రం గంజి 2. మొత్తం 11.

తరువాత పాత పేజీలు చూశాను. ఏప్రిల్ 24, పరీక్ష మొదటి రోజు. ముగ్గురం తాగినవి 24, వంటకు 24. నిన్న తాగినవి 20, వంటకు 28. నేను తాగడం నాలుగు గ్లాసులు తగ్గింది. వంట నాలుగు గ్లాసులు పెరిగింది. బియ్యం మాత్రం పెరగలేదు, అప్పుడూ ఇప్పుడూ మూడు గిద్దలే. పెరిగిన నీళ్ళు ఎటు పోయాయో కుండను అడగనక్కరలేదు. దాహం వేసినప్పుడల్లా నా చెయ్యి గంజి కాస్త పల్చగా వార్చింది, చారు కాస్త పల్చగా కాచింది. నేను చెయ్యమనలేదు. వద్దనీ అనలేదు.

ఏప్రిల్‌లో ఎనిమిది నీళ్ళు, మూడు తరవాణీ చారూ. పదకొండు. ఇప్పుడు నాలుగు, ఏడు. పదకొండు. మాత్ర నాకు ఒక్క గ్లాసు కూడా తగ్గించలేదు.

నిజంగా తగ్గించి ఉంటే ప్రతి సాయంత్రం బిందెలో నాలుగు గ్లాసులు మిగలాలి. యాభై నాలుగు రోజులుగా 'బిందె: ఖాళీ' అని రాస్తున్నది నేనే.

నిజంగా నాలుగు గ్లాసులే తాగిన మనిషి వీధిలో ఒక్కడే ఉన్నాడు. ఆయన కార్డు నమ్మదగినట్టు లేదని సంతకం పెట్టిందీ నేనే.

18 జూన్, శుక్రవారం. 56వ రోజు.

ఉతికినవి: 12. మిగిలిన ఎనిమిది ఇళ్ళకూ గ్లాసు పట్టుకుని వెళ్ళడం: రెండు రోజులు. ఏ ఇంట్లోనూ సాయంత్రం బిందెలో నీళ్ళు మిగలడం లేదు.

ఎర్నమ్మ వదిన చేపలు కడుగుతోంది. కూర్చోబెట్టి లెక్క చెప్పాను.

"ఓలమ్మా! చద్దన్నంలో నీల్లుంటాయని ఇప్పుడే తెలిసిందేటి నీకు?"

"తెలుసు వదినా. కార్డుకు తెలీదు."

"తెలీకపోతే దాని కరమ. మనం అబద్దం రాసేమా? నాలుగు తాగేం, నాలుగు రాసేం. చద్ది తిన్నాం, చద్ది రాసేం."

"ఆ కార్డు చూసే ఆగస్టు నుంచి ఎనిమిదే ఇస్తారు. అప్పుడు తరవాణికి నీళ్ళెక్కడివి? సన్నేసిరావు బాబాయికి వచ్చిన పిక్కల నొప్పి ఇంటింటికీ వస్తుంది. మీ మనవరాలికీ."

ఆవిడ కత్తిపీట పక్కకు జరిపింది.

"అయితే తొంభై అవనీ. ముప్పై ముప్పై తీసుకుందాం. ఆ మర్నాడు వెళ్ళి సెప్పు. నేనూ వత్తాను నీతో."

"లెక్కలు పైకి వెళ్ళేది అరవయ్యో రోజున. మంగళవారం. యంత్రం ఆపేశాక ఆరు నెలలు కదలదు వదినా."

"మా ఇంటి ముప్పై బిందెలు పోగొడతావు, నా ఆరు ఎగ్గొడతావు. బాగుంది. అన్నీ రాసుకుంటావు కదా, ఇదీ రాసుకో."

రాసుకున్నాను.

రాత్రి భోజనం దగ్గర మా ఆయనకు చెప్పాను. ఆయన చారు కలుపుకుంటూ, "నువ్వు సెప్పకపోతే నీకు ఈ పుస్తకం రాయబుద్దవుద్దా?" అని అడిగారు.

అవదు అన్నాను.

"మరింకేటి."

21 జూన్, సోమవారం. 59వ రోజు.

వంట: ఉదయం ఐదింటికే. నిలవ మాత్ర: వేసుకోలేదు. రక్తం: ఇవ్వలేదు.

కేంద్రానికి పెద్ద డాక్టర్ తబిత గారు. నలభై దాటి ఉండవు, ఎప్పుడూ తొందరలో ఉంటారు. ఆ గది ఒకప్పుడు సినిమా రీళ్ళు తిప్పే గది. నా పుస్తకం ఆవిడ బల్ల మీద విప్పి, ఏప్రిల్ 24 పక్కన జూన్ 16 పెట్టి చూపించాను. సన్నేసిరావు గారి కార్డు కూడా తెప్పించమన్నాను.

ఆవిడ రెండుసార్లు కూడిక చేశారు. వేళ్ళతో.

"భోజనం గడిలో రాశారు కదా ఇది?"

"రాశామండీ. 'చద్ది' అని. తొమ్మిది కార్డుల్లోనూ ఆ ఒక్క మాటే ఉంది. మీరు తిండి అనుకున్నారు. మేమూ తిండే అనుకుంటాం. కానీ అందులో మూడు గ్లాసులు ఉంటాయి."

"కార్డు తయారుచేసినవాళ్ళు పొట్లం భోజనం లెక్క వేశారు. పొట్లంలో నీరుండదు" అని కార్డు పక్కన పెట్టి, "నేను మూడేళ్ళుగా పొట్లమే తింటున్నాను. మా అమ్మ ఉన్నన్నాళ్ళూ గంజి తాగాను. నాకైనా తట్టి ఉండాల్సింది" అన్నారు.

"అరవై రోజులుగా రోజూ కుండలో పోసే దాన్ని, నాకే తట్టలేదు."

ఝాన్సీ సిస్టర్ గుమ్మంలో నిలబడింది. సన్నేసిరావు గారిని నిలదీసింది తనే. ముఖం చిన్నబోయింది.

డాక్టరు గారు అంగీకార పత్రం మూడో పేజీ తీసి నా ముందు పెట్టారు. "పరీక్ష మధ్యలో ఆగితే అదనపు నీళ్ళు ఎవరికీ ఇవ్వరు. మీకు తెలుసా?"

"చదివాకే సంతకం పెట్టాను."

"ఇవాళ ఇది నా బల్ల మీదికి వచ్చింది కనుక రేపు లెక్కలు పంపలేను. పరీక్ష ఆపాలి. మీ వీధిలో మీరు ఉండాలి కదా, ఆలోచించుకున్నారా?"

"ఆలోచించుకున్నాను. ఇంకొక్కటి కావాలండీ. సన్నేసిరావు గారి కార్డు మీద నా సంతకం ఉంది. అది కొట్టేసుకోవాలి."

కలం ఇచ్చారు. నా సంతకం మీద అడ్డంగా ఒక గీత గీశాను. కింద ఇలా రాశాను: 'ఈ కార్డు సరైనది. మిగిలిన తొమ్మిది కార్డులూ తక్కువ చూపించాయి.' తేదీ వేసి మళ్ళీ సంతకం పెట్టాను. ఇరవై ఆరేళ్ళలో ఒక లెక్క కొట్టేసి తిరిగి రాయడం ఇదే మొదటిసారి.

24 జూన్, గురువారం.

ఉతికినవి: 13. పట్టిన నీళ్ళు: 1 బిందె. పరీక్ష రోజు: లేదు.

పరీక్ష ఆగిపోయిందని గోడ మీద రాశారు. యంత్రం ఆపే తేదీ కొట్టేశారని మా ఆయన చెప్పారు. నీళ్ళ వరసలో నా ముందు ముగ్గురు, నా వెనక నలుగురు ఉన్నారు. ఒక్కరూ నాతో మాట్లాడలేదు.

మధ్యాహ్నం సన్నేసిరావు బాబాయి గుమ్మంలోకి వచ్చాడు. గోడ మీద తన పేరు పక్కన మాట కొట్టేశారట, చూసి వస్తున్నాడు. నేను చెప్పవలసింది చెప్పాను.

"తప్పు నాదే బాబాయ్. లెక్క అంటోందన్నాను. లెక్క ఏమీ అనలేదు. నేనే అన్నాను."

"సర్లేమ్మా" అన్నాడు. గుమ్మం మెట్టు మీద కూర్చున్నాడు. "నీతిగా తాగినోడిని కొట్టీసేరు, ఇప్పుడు ఈదినంతా కొట్టీసి నన్ను నిలబెట్టేరు. ఏటుంది ఈయేల? ఈత కొట్టే అన్నమేనా?"

పెట్టాను. రెండు గ్లాసుల తరవాణితో.

సాయంత్రం ఎర్నమ్మ వదిన ఖాళీ బిందెతో వచ్చింది.

"నా ఆరూ ఎప్పుడిత్తావు?"

"రోజుకు పావు బిందె చొప్పున ఇస్తాను. ఇరవై నాలుగు రోజులు."

"ఇంట్లో ముసలమ్మ ఉంది. ముప్పయ్యారు గ్లాసులతో నెగ్గుకొత్తావేటి?"

"చూసుకుంటాను వదినా."

"నాకేటి, నీ ఇష్టం" అని బిందె మా అరుగు మీద పెట్టి వెళ్ళింది.

18 జులై 2094, ఆదివారం.

పట్టిన నీళ్ళు: 1 బిందె. ఉతికినవి: 10. తోమినవి: 17. అత్తగారి మోకాళ్ళకు నూనె: రెండు పూటలా. నేను తాగినవి: 9 గ్లాసులు, అన్నీ నీళ్ళ గడిలోనే, ఎందుకంటే గంజి వార్చక ఇరవై నాలుగు రోజులైంది. బియ్యం ఎసరుకు సరిపడా పోసి ఇగిర్చేస్తున్నాను. తరవాణి కుండ ఎండి, మూల బోర్లించి ఉంది. అత్తగారికి మజ్జిగ మాత్రం ఒక్క పూట కూడా ఆపలేదు.

పొద్దున్న సన్నేసిరావు బాబాయి మళ్ళీ పెడుతున్న పరీక్షకు కొత్త కార్డులు పంచుతూ వచ్చాడు. ఈసారి నీలం రంగు. నీళ్ళ గడి కింద ఇంకొక గడి: 'గంజి, తరవాణి, చారు, మజ్జిగ: ఎన్ని గ్లాసులు?' పొట్లం తినేవాళ్ళు అయిదుగురు, ఇంట్లో వండుకునేవాళ్ళు అయిదుగురు ఉంటారట. ఈసారి వీధి సాక్షి ఆయనే.

"నీ కార్డు నేనే సూత్తాను. జాగర్తగా రాయాలి మరి" అన్నాడు.

"నమ్మదగినట్టు రాస్తాను."

ఆయన ముందు నవ్వి, తరువాత దగ్గి, తరువాత మళ్ళీ నవ్వాడు.

సాయంత్రం చివరి పావు బిందె ఎర్నమ్మ వదిన ఇంటికి మోసుకెళ్ళాను. రోజూ లాగే పన్నెండు గ్లాసులూ ఒక్కొక్కటే కొలిచి పోయించుకుంది. పదకొండో గ్లాసు దగ్గర ఒలికిన రెండు చుక్కలు కూడా చూసింది.

"పన్నెండు" అంది.

"మొత్తం ఆరు, వదినా."

"నాకూ లెక్క వచ్చు." లోపలికి వెళ్ళింది. నేను ఖాళీ బిందె ఎత్తుకునేలోపు ఒక ముంతతో వచ్చింది. పులిసిన వాసన వచ్చింది. "కుండ ఎండబెట్టీసేవంట కదా. మీ అత్త సెప్పింది. ఒట్టి కుండలో గంజి పోస్తే పులవడానికి వారం పడద్ది. ఇది అడుగున పోసుకో. ఎల్లుండికి పులిసిపోద్ది."

ముంత చూశాను. మూడు గ్లాసులు ఉంటుంది.

"ఇది రాసుకోకు" అంది ఎర్నమ్మ వదిన. "రాసుకున్నావంటే మళ్ళీ మోసుకొత్తావు. ఆ గ్లాసుల మోత నేను వినలేను."

కుండ కడిగి, ముంత అందులో వంచి, రాత్రి అన్నానికి ఇన్నాళ్ళ తరువాత వార్చిన గంజి మీద పోశాను. బిందెలో అయిదు గ్లాసులు మిగిలాయి.

ఎర్నమ్మ వదినకు ఇవ్వవలసినవి: 6 బిందెలు. ఇచ్చినవి: 6 బిందెలు. చెల్లు.